నొప్పి పలుకని రోగము



ఈ స్మారకనిధిని నెలకొల్పిన కుటుంబమువారు నన్ను పిలువనంపినపుడు ఒక్క నియమము విధించిరి: ఏ వైద్యుని జ్ఞాపకార్థము ఈ ఉపన్యాసము జరుగుచున్నదో ఆయనను పొగడరాదట. బ్రదికియుండగా ఎవరైన తన్ను పొగడబోయినచో స్టెతస్కోపు చెవులకు దగిలించుకొని ఏమియు వినబడనట్లు కూర్చుండుట ఆయనకు అలవాటు గనుక, ఆ నియమము సమంజసముగనే యున్నది. పుంగనూరు, పలమనేరు, చిత్తూరు ప్రాంతముల పల్లెవారికి ఆయన పేరుతో పని లేకుండెను. 'డాక్టరయ్య' అన్న చాలును. నేనును ఆ పిలుపుతోనే సరిపుచ్చుకొందును.

ఆయన వద్ద నేను శిష్యరికము చేయుచుండిన దినములలో, ఒక సంతనాటి ఉదయమున, మామిడితోటల నడుమ అరువదియేండ్లు గడపిన యొక రైతు వచ్చి బల్లపై గూర్చుండెను. వచ్చినది మనుమరాలి దగ్గునకు మందు కొరకు. కుర్రతనపు ఉత్సాహముచేత నేను ఆయన చేతికిని పట్టీ చుట్టి గాలి కొట్టితిని. పై అంకె 210, క్రింది అంకె 120. తలనొప్పి గలదా యని యడిగితిని, లేదనెను. తలతిప్పు? లేదు. గుండెదడ? అదియు లేదు. బీపీ మాత్రలు వ్రాసి కాగితము చేతికీయబోగా ఆయన నవ్వి, "నొప్పేమీ లేదు గదా సామీ, మాత్ర యాల?" అనెను. నేను పక్షవాతమనియు, మూత్రపిండములనియు, గుండెపోటనియు జాబితా చదివి ఆయనను బెదరించితిని. సాయంకాలము డాక్టరయ్య చేతులు కడుగుకొనుచు, "ఆయన అడిగింది పిచ్చిప్రశ్న కాదబ్బా. నువ్వే జవాబు చెప్పలా" అనిరి. ఆ ప్రశ్నకు ఇన్నేండ్లకు నేర్చిన జవాబునే నేడు మీ ముందుంచుచున్నాను.

మన భాషలే ఆ రైతు పక్షమున సాక్ష్యము పలుకుచున్నవి. సంస్కృతమున రోగశబ్దము రుజ్ ధాతువునుండి పుట్టినది. విరుచుట, బాధించుట దాని యర్థములు. నగరి, పలమనేరు దాటి నాలుగడుగులు వేసిన వినవచ్చు తమిళములో రోగమునకు 'నోయ్' అని పేరు. అది మన నొప్పికి తోబుట్టువు. అనగా ఈ సీమలో వేల యేండ్లుగా మానవుడు, నొచ్చినదే రోగము, నొవ్వనిది రోగము గాదు అను సిద్ధాంతమును పలుకుబడిలోనే ఇముడ్చుకొని జీవించినాడు. రక్తపుపోటు ఆ సిద్ధాంతమునకు లొంగని రోగము. అది రోగి చెప్పిన కథనుండి గాక యంత్రము చూపిన యంకెనుండి పుట్టినది. 1733లో ఇంగ్లండున స్టీఫెన్ హేల్సు అను మతాచార్యుడు ఒక ఆడుగుఱ్ఱపు ధమనిలో గాజుగొట్టము నిలిపి నెత్తురెంత యెత్తునకు లేచునో కొలిచినాడన్న వార్త లోకమునకు వినోదముగ మాత్రమే తోచినది. 1896లో ఇటలీలో రివా-రోచ్చి చేతికి చుట్టెడు పట్టీని రూపొందించినాడు. 1905లో కొరొట్కోవ్ అను రష్యా శస్త్రవైద్యుడు ఆ పట్టీ దిగువ చెవి యొగ్గి విన్నచో నెత్తురు చేయు చప్పుళ్లు వినవచ్చునని కనుగొన్నాడు. అప్పటినుండియే, ఏ బాధయు లేని మనుష్యుని 'నీవు రోగివి' అని పిలుచు అధికారము వైద్యునికి సంక్రమించినది. ప్రపంచారోగ్యసంస్థ లెక్క ప్రకారము అధిక రక్తపుపోటు గల పెద్దవారిలో దాదాపు సగము మందికి అది తమకున్నదని తెలియనే తెలియదు.

ఇంతవరకు వైద్యులందరు చెప్పునదే. నొప్పి లేకుండుట యాదృచ్ఛికమని, ధమనిగోడలలో బాధ తెలుపు నాడులు చాలకపోవుటయే హేతువని మేము చదువుకొన్న దినములలో అనుకొనెడువారము. కాని సంగతి అంతకంటె వింతయైనది. నెత్తురు పోటు పెరిగినపుడు నొప్పిని అణచివేయునది మెదడే యని చెప్పుటకు నేడు తగినన్ని ఆధారములున్నవి.

మన సీమలో చెరువుండిన చోటనెల్ల నీరుగంటి యుండెను. కట్టమీద నడచుచు నీటిమట్టమును జూచి, తూముల నెత్తుటయో దించుటయో, మరవ పారునో లేదో కనిపెట్టి ఊరివారికి చెప్పుటయో ఆతని కొలువు. శరీరమున ఇట్టి నీరుగంటులు రెండు తావుల నుందురు: కంఠధమని రెండుగ చీలు చోట దవుడక్రింద ఒకరు, గుండెనుండి బయలువెడలిన బృహద్ధమని వంపులో నొకరు. ధమని గోడ సాగినకొలది ఈ నాడీతంతువులు మెదడు కాండమున నున్న యొక చిన్న కేంద్రమునకు వార్తలు పంపుచుండును. ఆ కేంద్రము గుండెను నెమ్మదింపజేసి, నాళములను సడలించి, పోటును దించును. జర్మనీదేశపు హేరింగ్ 1920వ దశకమున కంఠధమని సంగతి బయలుపఱచెను. బెల్జియము దేశీయుడైన హేమాన్సుకు ఈ రంగమున జేసిన కృషికి 1938 నోబెల్ బహుమానము లభించినది. కాని ఈ నీరుగంటి మాట వినునది ఆ యొక్క కేంద్రమే గాదు. అచ్చటినుండి తంతువులు మెదడులో భయమును, బాధను, జాగరూకతను పాలించు తావులకు ప్రాకుచున్నవి. అందులో మధ్యమస్తిష్కమునందలి యొక బూడిదవన్నె పదార్థము మిక్కిలి ముఖ్యమైనది. 1969లో రేనాల్డ్సు అను పరిశోధకుడు ఎలుకలలో ఆ తావును విద్యుత్తుతో ప్రేరేపించి, మత్తుమందు లేకయే వాని కడుపు కోసి కుట్టగలిగినాడు. ఆ తావునుండి వెన్నుపాములోనికి దిగు నాడులు, క్రిందినుండి వచ్చు నొప్పివార్తను గడపలోనే నిలువరించును. వెన్నుపాములో ఇట్టి ద్వారమొకటి యుండవలెనని మెల్జాకు, వాల్ అనువారు 1965లోనే ఊహించియుండిరి. ఆ ద్వారమును మూయు రసములలో నల్లమందువంటివి మన మెదడే వండుకొనునని 1975లో అబెర్డీనున హ్యూస్, కోస్టర్లిట్జులు తేల్చిరి.

ఇక ముడి విప్పిన ప్రయోగము జూడుడు. 1979లో డ్వర్కిన్, ఆయన సహచరులు ఎలుకలకు రక్తపుపోటు పెంచు మందునెక్కించి, బాధ కలిగించినపుడు అవి తప్పించుకొనుటకు ఎంత తొందరపడునో పరిశీలించిరి. పోటు పెరిగిన యెలుకలు తొందరపడలేదు. నీరుగంటి నాడులను ముందే కోసివేసిన యెలుకలలో మాత్రము ఆ యుపశమనము కనబడలేదు. కావున మందువలన గాదు, పోటు పెరుగుటవలన, ఆ వార్త మెదడునకు చేరుటవలననే నొప్పి మొద్దుబారినది. మరుసటి యేడాది జమీర్, షూబర్ అను వారు మనుష్యుల దంతమజ్జకు స్వల్ప విద్యుత్తు తగిలించి, అధిక రక్తపుపోటు గలవారికి నొప్పి తెలియుటకు ఇతరులకంటె ఎక్కువ ప్రేరణ కావలసివచ్చునని చూపిరి. నార్వేలో 22,685 మంది పెద్దలను 11 యేండ్లు గమనించిన యొక బృహత్పరిశీలనములో, పై అంకె 150కి మించినవారిలో మైగ్రేను కానట్టి తలనొప్పులు సుమారు 30 శాతము తక్కువగ గానవచ్చినవి.

తక్కువగ! 'తల పగిలిపోతా ఉంది, బీపీ చూడండి' అని మన ఆసుపత్రులకు పరుగెత్తుకొని వచ్చువారిని దలచుకొనిన ఈ యంకె నవ్వు పుట్టించును. ఆ నవ్వునకు జవాబు 1953నాటి యొక వైద్యుని పరిశీలనములో దొరకును: తమకు రక్తపుపోటున్నదని తెలిసినవారిలో తలనొప్పి మిక్కిలి హెచ్చు, ఉన్నను తెలియనివారిలో స్వల్పమే. అనగా నొప్పి పుట్టించినది నెత్తురు గాదు, మా నోటి మాట. (నేను ఆ రైతును బెదరించిన జాబితా మరల జ్ఞప్తికి వచ్చుచున్నది.) అంకెలు ఆకాశమునంటి, మెదడు వాచి, చూపు మసకబారు అత్యవసరస్థితిలో తలనొప్పి వచ్చుట నిజమే; అది వేరు సంగతి, క్షణమైన ఆగరానిది.

అయితే ఇందొక చిక్కు గలదు, దానిని దాటవేయుట నాకిష్టము లేదు. నీరుగంటి సైతము చాలకాలము నిండుచెరువునే చూచుచుండినచో ఆ మట్టమునే సహజమని భావింప మొదలిడును. 1956లో మెక్‌కబిన్, గ్రీన్, పేజ్ అనువారు కుక్కలలో ఈ సర్దుబాటును నిరూపించిరి. నాడులిట్లు మొద్దుబారినపుడు, ఏండ్ల తరబడి పోటుతో నున్నవానికి నొప్పి యేల తగ్గియుండవలెను? పైగా మాత్రలతో పోటును దించినను కొందరిలో నొప్పి తెలియమి మారుటలేదు. అంతకంటె చిత్రము: రక్తపుపోటు గల తల్లిదండ్రులకు పుట్టి, తమకింకను పోటు రాని యువకులలో సైతము నొప్పి సహనము హెచ్చుగ నున్నట్లు పలువురు కనుగొనిరి. కావున నీరుగంటి యొక్కడే కథానాయకుడు గాడు. రక్తపుపోటును నొప్పి తెలియమియు రెండును మెదడులోని యేదో యొక ఉమ్మడి వేరునుండి పుట్టిన రెండు కొమ్మలై యుండవచ్చును. కొమ్మలలో నొకటి రెండవదానిని పుట్టించినదనుట సగము సత్యమే. నేను ఈ పక్షమునకే మొగ్గుచున్నాను.

ఆ వేరును తడవిచూచిన వేరొక వేరు మన దేశముననే యున్నది. సర్పగంధి, పాతాళగంధి యని మనవారు పిలుచు మొక్క వేరును ఉన్మాదమునకు, నిద్రలేమికి ఈ దేశమున పూర్వమునుండి వాడుచుండిరి. 1931లో గణనాథ సేన్, కార్తికచంద్ర బోసు అది రక్తపుపోటును దించునని ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ ఆంగ్లేయుల హృద్రోగపత్రికలో తన అనుభవమును వెల్లడింపగా లోకము కన్నుదెరచినది. 1952లో స్విట్జర్లాండున సీబా కంపెనీవారు దానినుండి రిసెర్పినును వేరుపఱచిరి. డాక్టరయ్య బీరువాలో అడెల్ఫేన్ మాత్రల డబ్బా లేని దినమును నేను చూడలేదు. అందులో నున్నది ఈ రిసెర్పినే. పిచ్చికి వాడిన వేరు పోటును దించుటేమని నవ్వినవారికి 1955 ప్రాంతమున బ్రోడీ ప్రయోగశాల సమాధానము చెప్పెను: ఆ మందు మెదడులో సెరొటోనినును, దాని తోడి రసములను ఖాళీ చేయుచున్నది. సెరొటోనిను, నారడ్రినలిను అనునవి, ఇందాక నేను చెప్పిన ఆ గడపవద్ద నొప్పిని నిలువరించు నాడులు వాడుకొను రసములే! కావుననే నేడు పరిశోధకులు ఎలుకలకు రిసెర్పినునిచ్చి, ఒళ్లంతయు నొచ్చు వ్యాధికి నమూనా తయారుచేయుచున్నారు. పోటును దించిన చేయియే నొప్పికి తలుపు తీసినది. ఈ రెండింటిని మెదడు ఒకే తాళముతో బంధించినదనుటకు ఇంతకంటె సూటియైన సాక్ష్యము నాకు దొరకలేదు.

నొప్పి తగ్గుటలో పోటొక్కటియే కాదు, మనస్సును పాలుపంచుకొనుననుటకు మనము విదేశములకు పోనక్కరలేదు. అలిపిరినుండి సుమారు 3550 మెట్లెక్కువారు మోకాళ్లపర్వతము చేరగానే నిలువున లేచి నడువవలసిన చోట మోకరిల్లి యెక్కుదురు. రాయి ఒరసిన మోకాళ్లను క్రిందికి దిగిన తరువాతనే వారు చూచుకొందురు. మన జిల్లాలో ధర్మరాజుగుడి యున్న ఊరనెల్ల వేసవిలో భారత ఉత్సవము జరుగును. పగలు హరికథ, రాత్రి వీధినాటకము, అర్జునుని తపస్సుమాను, మట్టితో జేసిన మహాకాయుడగు దుర్యోధనుని వధ, చివరకు అగ్నిగుండము. నిప్పులపై నడచినవారి పాదములకు నొప్పి తెలియకుండుటలో సగము భౌతికశాస్త్రమే: బొగ్గునివురు వేడిని మందముగ నందించును, అడుగు నిలుచునది క్షణము. తక్కిన సగము మెదడుది. రెండవ ప్రపంచయుద్ధమున ఇటలీ రణరంగమున తీవ్రముగ గాయపడిన సైనికులను అడిగిచూచి, వారిలో నాలుగింట మూడువంతులకు దగ్గరగా నొప్పిమందు కోరలేదని బీచర్ 1946లో వ్రాసెను. ప్రాణము దక్కి ఇంటికి పోవుచున్నానన్న తెలివి వారి గాయమునకు అర్థమునే మార్చివేసినది. అగ్నిగుండము దాటిన భక్తుని మోముజూచిన నాకు బీచర్ వ్యాసమే జ్ఞప్తికి వచ్చును.

ఇదంతయు తాత్కాలికమైన నొప్పి సంగతి. నెలలు, ఏండ్లు సాగు నొప్పిలో ఈ పొందిక చెదరును. మామూలుగ నొప్పి రాగా పోటు పెరుగును, పోటు పెరుగగా నొప్పి తగ్గును, ఇదియొక చక్రము. వెన్నునొప్పి, కీళ్లనొప్పి పాతబడిన వారిలో ఈ చక్రపు ఇరుసు అరిగి, పోటున్నను నొప్పి తగ్గదు, నొప్పి తగ్గక పోటు దిగదు. దీర్ఘకాలపు నొప్పి గలవారిలో రక్తపుపోటు హెచ్చుగ నుండుటను బ్రూల్, చంగ్ వంటివారు చూపినారు. మన పల్లెలలో దీనికి తోడు వేరొక చిక్కు. మోకాళ్లు పట్టుకొన్న కూలిమనిషి మందులషాపులో ఐబుప్రొఫెనో, డైక్లోఫినాకో కొనుక్కొని నెలలకొద్ది మ్రింగును. ఆ మాత్రలు మూత్రపిండములలో ఉప్పును, నీటిని నిలిపి పోటును పెంచును, బీపీ మాత్రల పనిని చెడగొట్టును. నొప్పిని దించబోయి పోటును, పోటు తెలియక నొప్పిమాత్రను, ఇట్లు రెండు బావులనడుమ తిరుగు కావిడివలె నున్నది వాని బ్రదుకు. బీపీ చూచువారు 'నొప్పిమాత్ర ఏమైన వాడుచున్నావా' యని యడుగకుండ చీటీ వ్రాయుట నాకెన్నడును రుచింపదు.

చిత్తూరినుండి కూతవేటు దూరమున, కాట్పాడి ప్రక్కన కుష్ఠరోగుల ఆసుపత్రికి పేరొందిన కరిగిరి యున్నది. 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన పాల్ బ్రాండు అను శస్త్రవైద్యుడు కుష్ఠరోగుల చేతులు, కాళ్లు చెడుటకు కారణమును వెదకుచు, వ్రేళ్లను తినివేయునది రోగము గాదు, నొప్పి తెలియమియే యని నిశ్చయించెను. కాలు చురుక్కుమననందున ముల్లుమీదనే నడచుట, చేయి కాలినను కుండను వదలకుండుట, ఇవియే అవయవములను దినివేసినవి. తరువాత అమెరికాలోని కార్విల్‌లో పనిచేయుచు ఆయన నొప్పికి బదులుగ మోగెడు యంత్రములను గూర్చిన చేతితొడుగులు, పాదరక్షలు చేయించి యిచ్చినాడు. రోగులు తొడుగుకొనిరి, గంట మోగెను. పనికి అడ్డమైనపుడు వారే మీట నొక్కి గంటను నిలిపివేసిరి. నొప్పిని మాత్రము ఎవరు నిలుపగలరు? రక్తపుపోటు అంకె అట్టి గంటయే. కుష్ఠులో చర్మమునకు తెలియని నొప్పి, ఇచ్చట మెదడే మూసివేసిన నొప్పి. దాని స్థానమున మేము యంత్రము నుంచి, అంకె జూపి, 'ఇది నొప్పి యనుకో' యని రోగిని బతిమాలుచున్నాము. ఆ అంకెకు నొప్పికున్న యధికారము లేదు. ఆ సంగతి తెలిసిన తరువాత మాత్రలు మానివేసిన రోగిపై నాకు కోపము రాలేదు.

డాక్టరయ్య ఏమి చేసెడివారు? చూడవచ్చినవానిని వాకిట వేపచెట్టుక్రింద అయిదు నిముషములు కూర్చుండబెట్టెడివారు; అప్పటివరకు మాటలు లేవు. పట్టీ తానే చుట్టి, పాదరసము దిగునపుడు రోగినే చూడుమని, చప్పుడు వినబడిన యంకెను వానిచేతనే పలికించి, వాని చీటీపై వానిచేత వ్రాయించెడివారు. వ్రాయుట రానివారు గీతలు గీసెడివారు. పక్షవాతమను మాట ఆయన నోట నేను విన్నది తక్కువ. ఎక్కువైనదన్నపుడు, 'చెరువు మట్టం పెరిగుండాది, కట్టకు తెలీదు' అనెడివారు. ఆ పద్ధతిలోని శాస్త్రము ఆయనకు తెలియునో, కేవలము సహజజ్ఞానమో నేనడుగలేదు.

ఆ మామిడితోట రైతు ఒక నెల మాత్రలు మ్రింగి మానివేసెను. మరుసటి వేసవిలో వారి ఊరి ధర్మరాజు తిరునాళ్లలో నేనాయనను అగ్నిగుండము అంచున చూచితిని. పసుపుబట్ట గట్టి, వేపమండ పట్టుకొని, నిప్పులమీద నిదానముగ నడచి అవతల మట్టిలో కాళ్లు తుడుచుకొని, నన్ను గుర్తించి చేయెత్తి నవ్వెను. ఆ పిమ్మట రెండేండ్లకు, ఒక సంతనాడే, కొడుకు భుజమున చేయి వేసికొని వచ్చి అదే బల్లపై గూర్చుండెను. ఎడమచేయి ఒడిలో వేరొకరి వస్తువువలె పడియున్నది. దానిని కుడిచేతితో నెత్తి బల్లమీద బెట్టి, నావంక గాదు, డాక్టరయ్యవంక జూచి, "దీనికీ నొప్పి లేదు సామీ" అనెను.

డాక్టరయ్య ఏమియు మాటాడలేదు. ఆయనను వేపచెట్టుక్రింద అయిదు నిముషములు కూర్చుండబెట్టి, తరువాత కుడిచేతికి పట్టీ చుట్టినారు.